పొద్దున్నే కార్బొనారా తింటే తప్పేముంది?

కార్బొనారాలో పడేవి ఐదే ఐదు సరుకులు. పాస్తా, కోడిగుడ్డు, ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది దవడ మాంసం, గొర్రెపాల చీజ్, మిరియాలు. పాస్తాను కాసేపు పక్కన పెట్టి మిగిలినవి చూడండి. గుడ్డు, పంది మాంసం, పైన చల్లిన మిరియాల పొడి. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పొద్దున ఎనిమిదింటికి హోటల్ బల్ల మీదికి వచ్చే పళ్లెంలో ఉండేవీ ఇవే కదా! అయినా సరే, పొద్దున్నే కార్బొనారా తింటామంటే రోమ్ నగరవాసి ఎగాదిగా చూస్తాడు. మధ్యాహ్నమో రాత్రో తినాల్సినదాన్ని పళ్లు తోముకోగానే ఎవరైనా తింటారా అంటాడు.

తినవచ్చు. కార్బొనారా ఎలా వండాలన్న విషయంలో ఇటలీ వాళ్ల మాట చెవికెక్కించుకోవాల్సిందే. ఎప్పుడు తినాలన్న విషయంలో మాత్రం వాళ్లకు జవాబుదారీగా ఉండాల్సిన పని ఎవరికీ లేదు. ఎందుకంటే ఆ వంటకం పుట్టుకలోనే పొద్దుటి పూట ఉంది.

రోమ్ వంటలకు ప్రామాణికమని పేరున్న పుస్తకం ఆదా బోనీ రాసిన 'లా కుచీనా రొమానా'. 1930 నాటి ఆ పుస్తకంలో కార్బొనారా లేదు. తాతల నాటి వంట, గొర్రెల కాపరుల వంట, బొగ్గు కాల్చేవాళ్ల వంట అంటూ తర్వాత ఎన్ని కథలు అల్లినా, 1930 నాటికి దాన్ని ఎవరూ రోమ్ వంటగా రాసిపెట్టలేదు. ఆ పేరు అచ్చులో కనిపించింది 1950లో, ట్యూరిన్ నుంచి వెలువడే 'లా స్తాంపా' పత్రికలో. 1944 జూన్ 4న రోమ్ మిత్రరాజ్యాల సేనల చేతికి వచ్చింది. ఆ రోజుల్లో అమెరికా సైనికాధికారులు వెతుక్కుంటూ వచ్చి తిన్న వంటకమని ఆ పత్రిక రాసింది.

అమెరికా సైన్యం వెంట ఏమొచ్చాయో చూస్తే కథ ఇంకాస్త తేటపడుతుంది. సైనికులకు ఇచ్చే కె-రేషన్‌లో పూటకో అట్టపెట్టె ఉండేది. పొద్దుటి పెట్టెలో పంది మాంసం, గుడ్డు కలిపి కూరిన చిన్న డబ్బా, బిస్కెట్లు, నీళ్లలో కలుపుకొనే కాఫీ పొడి వచ్చేవి. సైన్యపు వంటశాలలకు బేకన్ అనే ఉప్పు పట్టించిన పంది మాంసం, గుడ్ల పొడి వేరే దండిగా చేరేవి. యుద్ధంలో చితికిపోయి తిండికి అల్లాడుతున్న ఇటలీలో అవి బంగారంతో సమానం. ఇటలీ ఇళ్లలో ఎంతో కొంత పాస్తా ఉంది. అమెరికా వాళ్ల దగ్గర పొద్దుటి తిండి సరుకంతా ఉంది. రెండూ ఒకే మూకుడులో పడటానికి పెద్ద మేధావి అక్కర్లేదు.

పడేసింది నేనే అని చెప్పుకున్నవాడు ఒకడున్నాడు. బొలోన్యా ప్రాంతపు వంటవాడు రెనాతో గువాలాండి. 1944 సెప్టెంబర్ 22న రిచ్చోనె పట్టణంలో బ్రిటిష్ ఎనిమిదో సైన్యం, అమెరికా ఐదో సైన్యం అధికారుల విందుకు వండే పని అతనికి పడింది. అమెరికా వాళ్ల దగ్గర మంచి బేకన్, క్రీమ్, చీజ్, గుడ్డు సొన పొడి ఉన్నాయి, వాటన్నిటినీ కలిపి పాస్తాకు పట్టించానని ఆయన తర్వాతి కాలంలో చెప్పాడు. ఎవరి వంటకానికి వారు తండ్రినని చెప్పుకోవడం వంటవాళ్లలో కొత్తేమీ కాదు కాబట్టి ఆయన మాటను మొత్తంగా నమ్మనక్కర్లేదు. సరుకుల జాబితా మాత్రం నమ్మదగ్గదే.

పార్మా విశ్వవిద్యాలయంలో ఆహార చరిత్ర చెప్పే అల్బెర్తో గ్రాండి ఈ సంగతే మొహమాటం లేకుండా అన్నాడు. కార్బొనారా అమెరికా వంటకమని 2023లో ఆయన ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికతో చెప్పిన మాట ఇటలీలో పెద్ద దుమారం లేపింది. రైతు సంఘాల సమాఖ్య కోల్దిరెత్తి అయితే దేశం మీదే దాడి జరిగినంతగా మండిపడింది. గ్రాండి కాస్త గిల్లి మాట్లాడే మనిషే. అయినా 1930 పుస్తకంలో లేనిది 1950 పత్రికలో ఉండటానికి, మధ్యలో వచ్చిపోయిన సైన్యానికి సంబంధం లేదని నిరూపించే బాధ్యత ఆయన మీద కోప్పడిన వాళ్లదే.

ఇంతా చేస్తే, పొద్దున్నే బేకన్, గుడ్లు తినాలన్నది అమెరికాలోనూ అనాదిగా వచ్చిన ఆచారం కాదు. 1920లలో బీచ్-నట్ అనే కంపెనీ తన బేకన్ అమ్మకాలు పెంచిపెట్టమని ఎడ్వర్డ్ బెర్నేస్‌ను పెట్టుకుంది. ఆధునిక ప్రచార కళకు ఆద్యుడని పేరు పడ్డ మనిషి ఆయన. బేకన్ కొనండి అని ప్రకటన ఇవ్వలేదు. పొద్దున్నే తేలికపాటి తిండి మంచిదా, బలమైన తిండి మంచిదా అని ఓ వైద్యుడి చేత తోటి వైద్యులకు ఉత్తరాలు రాయించాడు. నాలుగున్నర వేల మంది బలమైన తిండికే ఓటు వేశారని ఆయన లెక్క చెప్పాడు. ఆ లెక్క పత్రికల్లో వార్తగా వచ్చింది, పక్కనే బేకన్, గుడ్ల ప్రస్తావన వచ్చింది. అంతవరకు కాఫీ, రొట్టెతో సరిపెట్టుకున్న ఇళ్లలో పొయ్యి మీద పెనం ఎక్కింది. తరం తిరిగేసరికి ఆ అలవాటునే సైన్యం ఇటలీకి మోసుకొచ్చింది. పూటల సంప్రదాయాలు గట్టివని భ్రమపడేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

కార్బొనారా విషయంలో వేళ ఒక్కటే కాదు, సరుకులు కూడా ఏనాడూ నిలకడగా లేవు. దాని తయారీ పద్ధతి మొట్టమొదట అచ్చయింది ఇటలీలో కానే కాదు. 1952లో షికాగో హోటళ్ల మీద పాట్రీషియా బ్రాంటే రాసిన పుస్తకంలో అది కనిపిస్తుంది. 1954 ఆగస్టులో 'లా కుచీనా ఇతాలియానా' పత్రిక ఇచ్చిన పద్ధతిలో వెల్లుల్లి ఉంది, స్విట్జర్లాండ్ వాళ్ల గ్రుయేర్ చీజ్ ఉంది. ఇవాళ ఆ రెండింటిలో ఏది వేసినా రోమ్‌లో కొట్టినంత పని చేస్తారు. దవడ మాంసం, అంటే గ్వాంచాలే, లేకుండా కార్బొనారా లేదంటారు కదా, అది వంట పుస్తకాల్లోకి వచ్చింది 1960లో, లుయిజీ కార్నాచీనా రాసిన 'లా గ్రాన్దే కుచీనా'తో. తమాషా ఏమిటంటే ఇవాళ అందరూ ఛీ అనే క్రీమ్ కూడా ఆ పుస్తకంలోనే దాని పక్కన దర్జాగా కూర్చుంది. ఇటలీ వంటకు ఆధునిక గురువుగా భావించే గ్వాల్తియేరో మార్కేజి 1989లో కూడా క్రీమ్ పోశాడు. ఐదు సరుకుల కఠిన శాసనం నిలదొక్కుకున్నది ఆ తర్వాతే.

ఆలస్యంగా వచ్చిన శాసనం కాబట్టేనేమో, కాపలా మరీ గట్టిగా ఉంటుంది. 2016లో ఓ ఫ్రెంచ్ వీడియోలో పాస్తా, ఉల్లిపాయ, బేకన్ అన్నీ ఒకే గిన్నెలో ఉడికించి పైన క్రీమ్ పోసి కార్బొనారా అన్నారు. ఇటలీ భగ్గుమంది. వీడియోకు డబ్బు పెట్టిన బరిల్లా పాస్తా కంపెనీ కంగారుపడి మాకు సంబంధం లేదన్నట్టు వెనక్కి తగ్గింది. 2021లో న్యూయార్క్ టైమ్స్ టమాటా వేసిన కార్బొనారా ప్రచురిస్తే మళ్లీ కోల్దిరెత్తి రంగంలోకి దిగింది. 2024లో హైంజ్ కంపెనీ బ్రిటన్‌లో డబ్బా కార్బొనారా తెచ్చింది, ఆ డబ్బాకూ చీవాట్లు తప్పలేదు. 2025 నవంబర్‌లో ఏకంగా ఇటలీ వ్యవసాయ మంత్రి ఫ్రాంచెస్కో లొల్లొబ్రిజిదా, బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ పార్లమెంట్ దుకాణంలో దవడ మాంసానికి బదులు పొట్ట మాంసం వేసిన కార్బొనారా సాస్ సీసా చూసి విచారణ జరపమన్నాడు. ఆ మరుసటి నెలలోనే, డిసెంబర్ 10న, ఇటలీ వంట యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ నిర్ణయం తీసుకున్న యునెస్కో సమావేశం జరిగింది మన ఢిల్లీలో, ఎర్రకోటలో. మన దీపావళి అదే జాబితాలోకి వెళ్లింది కూడా ఆ రోజే.

డబ్బా కార్బొనారాను ఎవరు తిట్టినా వాళ్ల పక్షాన నిలబడవచ్చు. ఆ వంటకం ప్రాణమంతా అప్పటికప్పుడు కలపడంలో ఉంది, అది డబ్బాలోకి రాదు. కానీ పొద్దున్నే వద్దనడానికి వాళ్ల దగ్గర ఉన్న కారణం అలవాటు ఒక్కటే. ఇటలీలో పొద్దుటి తిండి తీపి తిండి. బార్ దగ్గర నిలబడి ఓ కప్పు కపుచీనో, కోర్నెత్తో అనే తీపి రొట్టె. ఇంట్లో అయితే పాలల్లో ముంచుకునే బిస్కెట్లు. ఇదీ పురాతనమేమీ కాదు. ఇంటి పొయ్యి మీద కాఫీ కాచే మోకా పాత్రను బియాలెత్తి కంపెనీ 1933లో తెచ్చింది. బిస్కెట్ల పొద్దుటి తిండిని దేశమంతా అలవాటు చేసిన ములీనో బియాంకో బ్రాండ్‌ను బరిల్లా 1975లో మొదలుపెట్టింది. అంతకుముందు ఇటలీ పల్లెల్లో రైతులు పొలానికి వెళ్లేముందు తిన్నది మొక్కజొన్న సంకటి, ఎండు రొట్టె, రాత్రి మిగిలిన సూపు. మిగిలిన పాస్తాను గుడ్లతో కలిపి అట్టులా వేసే అలవాటు నేపుల్స్‌లో నేటికీ ఉంది. పాస్తా, గుడ్డు, చీజ్ అన్నీ అందులోనూ ఉన్నాయి. చల్లారాక ముక్కలు కోసి ప్రయాణాల్లో తింటారు, ఎవరూ గడియారం చూడరు.

1954లో వచ్చిన 'ఉన్ అమెరికానో ఆ రోమా' సినిమాలో అల్బెర్తో సోర్దీ వేసిన పాత్రకు అమెరికా పిచ్చి. ఇంట్లో మక్రోని వడ్డిస్తే పక్కకు నెట్టి, అమెరికా వాళ్ల తిండి అనుకుని రొట్టె మీద జామ్, ఆవాల ముద్ద, పెరుగు పూసి నోట్లో పెట్టుకుంటాడు. మరుక్షణం ఉమ్మేసి మక్రోని మీద పడతాడు. ఆ బొమ్మ రోమ్ హోటళ్ల గోడల మీద ఇప్పటికీ వేలాడుతుంటుంది. దాని కిందే కూర్చుని అమెరికా బేకన్, గుడ్ల వారసత్వాన్ని రోమ్ సొత్తుగా జనం లొట్టలేసుకుంటూ తింటుంటారు. సోర్దీ చూసి ఉంటే నవ్వుకునేవాడు.

పాస్తా లాంటి పోగులు పొద్దున్నే తినకూడదన్న నియమం ఆసియాలో సగభాగానికి అసలు తెలియదు. చైనాలోని వుహాన్‌లో నువ్వుల ముద్ద పట్టించిన వేడి నూడుల్స్ పొద్దుటి తిండే, రోడ్డు మీద నడుస్తూ కూడా తినేస్తారు. వియత్నాంలో బియ్యపు నూడుల్స్‌తో చేసే 'ఫో' సూపుకు పొద్దున్నే గిరాకీ. హాంకాంగ్‌లోని చా చాన్ తెంగ్ అనే చిన్న హోటళ్లలో మాట మరీ సూటిగా ఉంటుంది. అక్కడి పొద్దుటి మెనూలో వేడి రసంలో మక్రోని, పైన సన్నగా తరిగిన హామ్, పక్కన గుడ్డు, టీ. పాస్తా, పంది మాంసం, గుడ్డు. చీజ్ ఒక్కటి తక్కువ. ఆఫీసుకు వెళ్లేవాళ్లు పది నిమిషాల్లో తిని లేచిపోతారు. ఒక్కరికీ అజీర్తి చేసిందని ఆ మెనూ మార్చలేదు.

ఇక మన సంగతి. సేమియా ఉప్మా టిఫిన్ కాదనేవాడు తెలుగునాట ఉన్నాడా? సేమియా అంటే గోధుమ రవ్వతో చేసిన సన్నటి పాస్తానే. హైదరాబాద్‌కు చెందిన బాంబినో లాంటి కంపెనీలు ఒకే కప్పు కింద సేమియా, మక్రోని రెండూ తయారుచేస్తున్నాయి. దానికి పోపు పెడితే టిఫిన్, దీనికి గుడ్డు పట్టిస్తే విదేశీ వింత అనుకోవడంలో తర్కం లేదు. రెండు మూడు తరాల కింద మన పల్లెల్లో పొద్దుటి తిండి చద్దన్నం, అంబలి, గట్క, సంకటి. ఇడ్లీ, దోశ రోజువారీ టిఫిన్ అయింది హోటళ్లు, గ్రైండర్లు వచ్చాకే. మన పొద్దులు మారాయి, మళ్లీ మారతాయి. ఇప్పుడు మైదా నూడుల్స్ పాకెట్ చింపి రెండు నిమిషాల్లో పిల్లలకు పెట్టే ఇళ్లు ఎన్ని లేవు! వాటితో పోలిస్తే గుడ్డు, చీజ్ పట్టించిన పాస్తా ఎంతో నయం. గుడ్ల కొరత కూడా లేదు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందున్న మూడు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, తెలంగాణ.

అసలు కథ వండటంలో ఉంది. పొద్దుటి పూట కాబట్టి కొలతలు సగానికి తగ్గించాలి. రోమ్‌లో మనిషికి వంద గ్రాముల పాస్తా వేస్తారు, టిఫిన్‌కు యాభై అరవై చాలు. రవ్వతో చేసిన పాస్తా కొనాలి, మైదాది వద్దు. ఎండు పాస్తాను డ్యూరం గోధుమ రవ్వతోనే చేయాలని ఇటలీ 1967లో చట్టమే చేసింది. అది ఉడికినా బిగువు పోదు, మైదాది మెత్తబడి ముద్దవుతుంది. ఈ వంటకు ముద్దయిన పాస్తా పనికిరాదు.

నీళ్లు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోపు మిగతా పని మొదలెట్టవచ్చు. నీళ్లు మరీ ఎక్కువ వద్దు. తక్కువ నీళ్లలో ఉడికిస్తే గంజి చిక్కగా దిగుతుంది, తర్వాత పనికొచ్చేది ఆ గంజే. ఉప్పు కూడా చెయ్యి బిగబట్టి వేయాలి, ఎందుకంటే మాంసంలో ఉప్పుంది, చీజ్‌లో ఇంకా ఉంది. మాంసం ముక్కలను చల్లటి మూకుడులోనే వేసి సన్నసెగ మీద పెట్టాలి. నూనె చుక్క వేయక్కర్లేదు. మెల్లగా కొవ్వు కరిగి, ముక్క అంచులు కరకరలాడతాయి. మొదట్లోనే మంట పెంచితే పైన మాడుతుంది, లోపలి కొవ్వు కరగదు.

ఓ గిన్నెలో మనిషికి ఒక పచ్చసొన, ఇద్దరికి కలిపి ఒక పూర్తి గుడ్డు, రెండు గుప్పెళ్ల చీజ్ తురుము, అప్పటికప్పుడు దంచిన మిరియాలు. డబ్బాలో ఆరు నెలలుగా పడి ఉన్న మిరియాల పొడి వేస్తే ఘాటు ఉండదు, దుమ్ము రుచి వస్తుంది. అన్నీ కలిపితే చిక్కటి ముద్దలా ఉండాలి. పాస్తా పలుకు మీద ఉండగానే వార్చి, గంజి ఓ గ్లాసుడు దాచుకుని, మూకుడులోని కొవ్వులో తిప్పాలి. ఆ తర్వాత పొయ్యి ఆర్పేయాలి. ఆర్పడమే ఈ వంటలో అసలు కిటుకు.

ఎందుకంటే గుడ్డుకు ఓపిక తక్కువ. తెల్లసొన 62 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గట్టిపడటం మొదలెడుతుంది, పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70కి గడ్డకడుతుంది. మండే మూకుడులో పోస్తే అర నిమిషంలో కోడిగుడ్డు పొరటు తయారు. పొరటు మంచి కూరే, కానీ కార్బొనారా కాదు. మూకుడు దించి, ఒక నిమిషం ఆగి, గుడ్డు మిశ్రమాన్ని ఓ రెండు గరిటెల గంజితో పలచన చేసి పోస్తూ ఆపకుండా కలపాలి. గంజిలోని పిండి పదార్థం గుడ్డు మాంసకృత్తుల మధ్య అడ్డం పడి వాటిని తొందరగా గడ్డకట్టనివ్వదు. చీజ్‌నూ అదే కాపాడుతుంది. ఇది వంటింటి శాస్త్రమని తీసిపారేయక్కర్లేదు. చీజ్, మిరియాలతో చేసే 'కాచో ఎ పెపె' సాస్ ఎందుకు ఉండలు కడుతుందో ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టి 2025లో 'ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్' పత్రికలో ప్రచురించారు. చీజ్ బరువులో రెండు నుంచి మూడు శాతం పిండి పదార్థం ఉంటే సాస్ విరగదని తేల్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ అదే ఏడాది వాళ్లకు దక్కింది. గంజి పారబోయొద్దని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాటకు ఇటలీలోనూ సాక్షులు దొరికారన్నమాట.

క్రీమ్ ఎందుకు వద్దో ఇక్కడే అర్థమవుతుంది. చరిత్ర ప్రకారం చూస్తే క్రీమ్ నేరమేమీ కాదు, మార్కేజి అంతటివాడే వాడాడు. కానీ గుడ్డును అదుపులో పెట్టడం రానివాడికి అది ఊతకర్ర. విరగదు, చెడదు, గుడ్డు రుచి మాత్రం పైకి రాదు. పైగా పొద్దున్నే అంత క్రీమ్ కడుపులో పడితే పదింటికల్లా కునుకు వస్తుంది. గుడ్డు, గంజి కలిసి ఇచ్చే చిక్కదనం అంత బరువుగా ఉండదు.

ఇంకో మాట. ఇది పెనం మీది దోశలాంటిది, దించగానే తినాలి. బాక్సులో పెట్టి స్కూలుకు పంపితే మధ్యాహ్నానికి గడ్డకట్టిన ముద్ద మిగులుతుంది, మళ్లీ వేడి చేస్తే పొరటు అవుతుంది. కాబట్టి అందరూ ఇంట్లో ఉండే ఆదివారం పొద్దునకే ఇది సరిపడుతుంది. నీళ్లు మరగడం దగ్గర్నుంచి పళ్లెంలోకి వచ్చేదాకా అరగంట కూడా పట్టదు. ముందురోజు నానబెట్టడాలు, రుబ్బడాలు లేవు.

రోజూ తినమని మాత్రం ఎవరూ చెప్పకూడదు. పొద్దుటి కార్బొనారా మీద నిజమైన అభ్యంతరం సంప్రదాయానిది కాదు, ఉప్పుది. రోజుకు ఐదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థా, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థా రెండూ చెబుతున్నాయి. ఊరేసిన మాంసం, గొర్రెపాలతో చేసే పెకొరీనో చీజ్ రెండూ కలిస్తే అందులో పెద్ద భాగం టిఫిన్‌తోనే అయిపోతుంది. ఆవకాయ, అప్పడం ఉన్న భోజనం మధ్యాహ్నం ఎలాగూ ఉంది. ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ, 2015లో. మాంసాన్ని పోపు గింజల్లా కొద్దిగా వాడటమే దీనికి విరుగుడు. ఇద్దరికి ముప్పై నలభై గ్రాములు చాలు, రుచి మోసేది దాన్నుంచి కరిగిన కొవ్వే.

గుడ్డు పూర్తిగా ఉడకదన్నది రెండో జాగ్రత్త. గుడ్డు వంటకాలు 71 డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ సలహా. చిక్కటి కార్బొనారా సాస్ అంత వేడికి చేరకముందే ఆగిపోతుంది. బ్రిటన్‌లో సింహం ముద్ర ఉన్న గుడ్లను గర్భిణులు కూడా సగం ఉడికినవే తినవచ్చని అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ 2017లో చెప్పింది. అక్కడ కోళ్లకు సాల్మొనెల్లా టీకాలు వేస్తారు, గుడ్డు గుడ్డుకూ లెక్క ఉంటుంది. వీధి చివర కిరాణా కొట్టు అట్ట ట్రేలో ఎండకు కూర్చున్న గుడ్డుకు ఆ హామీ ఎవరూ ఇవ్వరు. అందుకని గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు ఇది పెట్టకపోవడమే మంచిది. మిగతావాళ్లు తాజా గుడ్డు, పగుళ్లు లేనిది, ఫ్రిజ్‌లో ఉంచినది వాడుకోవాలి.

మాంసం సంగతికి వస్తే, తెలుగు ఇళ్లలో చాలా చోట్ల పంది మాంసం పొయ్యి ఎక్కదు. కొందరికి మతం అడ్డు, కొందరికి అలవాటు అడ్డు. అలాంటప్పుడు చికెన్ సాసేజ్ ముక్కలు వేసి కార్బొనారా అని సర్దుకోవడం కన్నా మంచి దారి ఇటలీలోనే ఉంది. నేపుల్స్‌కు చెందిన ఇప్పోలీతో కావల్కాంతి 1839లో అచ్చు వేసిన వంట పుస్తకంలో చీజ్, గుడ్డు పట్టించిన పాస్తా ఉంది. కార్బొనారా అచ్చుకెక్కడానికి నూరేళ్లకు పైగా ముందు సంగతి. మాంసం తీసేసి, కొద్దిగా వెన్నలోనో నెయ్యిలోనో మిరియాలు వేయించి ఆ పద్ధతిలో చేసుకుంటే అది నకలు వంటకం కాదు, ఇంకా పాతది.

గుడ్డు కూడా తినని వాళ్లకు చీజ్, మిరియాల కాచో ఎ పెపె ఉంది. అయితే వాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. పెకొరీనో రొమానో చీజ్‌కు పాలు విరిచేది గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెనెట్‌తో. పర్మిజానో చీజ్‌కు వాడేది దూడ కడుపులోంచి తీసిన రెనెట్. శాకాహారమని నమ్మి విదేశీ చీజ్ కొనేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మన దేశంలో సూక్ష్మజీవుల రెనెట్‌తో చేసి, పాకెట్ మీద ఆకుపచ్చ చుక్క వేసిన గట్టి చీజ్‌లు దొరుకుతున్నాయి. రుచిలో తేడా ఉంటుంది, ఉప్పు కాస్త తగ్గుతుంది, అదీ మంచికే. పేరులో రోమ్ ఉన్నా పెకొరీనో రొమానోలో అత్యధిక భాగం తయారయ్యేది సార్డీనియా దీవిలో. కాబట్టి ఊరి పేరు చూసి చీజ్‌కు దండం పెట్టాల్సిన పనీ లేదు.

హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో కేఫ్‌లు పెరిగాయి, పొద్దున్నే పాస్తా పెట్టే చోట్లు కూడా వచ్చాయి. వేళ విషయంలో వాళ్లు ధైర్యం చేశారు, మంచిదే. పేచీ వచ్చేది పళ్లెంలో. క్రీమ్‌లో ఈదుతున్న పాస్తా మీద చికెన్ ముక్కలు చల్లి, గుడ్డు ఊసే లేకుండా, దానికి కార్బొనారా అని పేరు పెట్టి అమ్మే చోట్లు తక్కువేమీ లేవు. ఇటలీ హోటళ్లు కూడా గుమ్మడి జాతికి చెందిన జుకినీతో కార్బొనారా చేస్తాయి, చేపలతోనూ చేస్తాయి. కాకపోతే జుకినీ కార్బొనారా అని, చేపల కార్బొనారా అని మెనూలోనే చెప్పేస్తాయి. తినేవాడికి తనేం తింటున్నాడో తెలుస్తుంది.

మన హోటళ్లూ ఆ మాత్రం చేయవచ్చు. క్రీమ్ పోస్తే క్రీమ్ పాస్తా అని రాయండి. చికెన్ వేస్తే చికెన్ అని రాయండి. పంది మాంసం వేస్తే పెద్ద అక్షరాల్లో రాయండి, ఎందుకంటే అది తెలియక తింటే బాధపడేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. గుడ్డు సగమే ఉడుకుతుందని, చీజ్‌లో ఏ రెనెట్ ఉందో అడిగితే చెబుతామని ఒక వరుస చేర్చండి. ఆ తర్వాత ఇడ్లీ పక్కన, పూరీ పక్కన, పొద్దున ఏడింటి నుంచే కార్బొనారా వడ్డించండి. కాదనే హక్కు రోమ్ మంత్రికి కూడా లేదు.